తరిణె కింది పొట్టు

ఒక ఇంటి పెరటి పాకలో రెండు తరిణెలు ఉండేవి. కాలితో తొక్కితే చెక్క గిరగిరా తిరుగుతుంది, ఉలి ఆనిస్తే గుండ్రంగా తేలుతుంది, అదీ తరిణె అంటే. పెద్దది మొగుడిది, చిన్నది పెళ్ళానిది. మొగుడు పోయాడు. రెండూ పెళ్ళానికే మిగిలాయి.

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. ఊరు మాత్రం తరిణెమ్మ అనే పిలిచేది. కవ్వం కావాలన్నా, బొంగరం కావాలన్నా, కుంకుమ భరిణె కావాలన్నా, పసిబిడ్డకి గిలక్కాయ కావాలన్నా ఆమె గుమ్మం ఎక్కాల్సిందే.

ఆ పాక శుభ్రం చూసి తీరాలి, చెబితే నమ్మరు. ఉలులన్నీ గోడకి వరసగా వేలాడుతూ ఉండేవి. ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని అందుకోవచ్చు. లక్క కడ్డీలు ఏ రంగువి ఆ డబ్బాలో. ఒక ఉలి తగిలించకుండా ఇంకో ఉలి తియ్యడమన్న మాటే లేదు. దీపం పెట్టే వేళకి నేల మీద గుప్పెడు చెక్క పొట్టు కనబడితే ఒట్టు. ఆ అలవాటు మొగుడిది. "పొట్టు పోగుపడిన చోటికి నిప్పన్నా వస్తుంది, పురుగన్నా వస్తుంది" అనేవాడు ఆయన. "పెళ్ళాం కంటే నీకు చీపురే ముద్దు" అని ఆమె వెక్కిరించేది. వెక్కిరిస్తూ వెక్కిరిస్తూనే తనకీ ఆ పిచ్చి అంటుకుంది.

అంత ముచ్చటైన పాకలో ఒక్కచోట మాత్రం ఆ శుభ్రం లేదు. పెద్ద తరిణె కింద గంపెడు పొట్టు అలాగే పడి ఉండేది, ఎనిమిది నెలలుగా. చీపురు దాని దాకా వెళ్ళేది, జానెడు దూరంలో ఆగేది, చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసేది. పెద్ద తరిణె తొక్కాలంటే ఆ పొట్టు మీదే కాలు పెట్టాలి. అందుకని ఆ తరిణెని ఎవరూ తొక్కలేదు. బరువైన పనులొస్తే తరిణెమ్మ తిప్పి పంపేసేది.

"ఇంత శుభ్రమైనదానివి, అదేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే, "దాని జోలికి రాకండి" అనేది. అంతకంటే ఇంకో ముక్క రాలేది కాదు.

రోహిణి కార్తె ఎండలు పోయి మొదటి వాన పడింది. పాక కప్పు కారి పొట్టు తడిసింది. నాలుగు రోజులు గడిచాక ఒక పొద్దున తరిణెమ్మ చూస్తే, కుప్పలోంచి సన్నటి మట్టి దారి ఒకటి బయల్దేరి పెద్ద తరిణె ముందు కాలు మీదికి ఎక్కుతోంది. వేలితో గీకింది. లోపల తెల్లగా, బిలబిలమంటూ చెద.

"ఎవరు రమ్మన్నారర్రా మిమ్మల్ని?" అంది తరిణెమ్మ.

"నువ్వే కదమ్మా" అంది చెద. చెదకి మర్యాద ఎక్కువ, ఇల్లు తినేటప్పుడు కూడా మెల్లగా తింటుంది. "మెత్తగా పరిచావు. నీడ చూపించావు. వాన తడి కూడా కలిసొచ్చింది. ఎనిమిది నెలలు ఎవరూ కదపలేదు. ఇంతకంటే ఎలా పిలుస్తారు?"

"సరే, వచ్చారు. పొట్టు తింటే తినండి. తరిణె జోలికి మాత్రం పోకండి."

"పొట్టేదో తరిణేదో మాకేం తెలుసమ్మా? మాకు అంతా చెక్కే" అని చెద మళ్ళీ పనిలో పడింది.

ఆ తరిణె మామగారి తండ్రి నాటిది. వానలు ఊపందుకుంటే పండగ నాటికి మట్టి ముద్ద అయిపోతుంది. అది దక్కాలంటే పొట్టు తీసెయ్యాలి. పొట్టు ఉంచుకుంటే తరిణె పోతుంది. ఏది పోయినా మొగుణ్ణి ఇంకోసారి పోగొట్టుకున్నట్టే అనిపించింది ఆమెకి. తరిణెకి తల ఆనించి కూలబడింది.

అదే వేళకి ఆడపడుచు వచ్చింది. ఆవిడది పక్క వీధే. మనసు వెన్న, నోరు మాత్రం ఊరంత.

"హవ్వ! చెద పట్టిందా! ఇంకా చూస్తూ కూర్చున్నావా వదినా!" అంటూ మూల ఉన్న గంప లాక్కుంది. రెండు చేతులతో పొట్టు ఎత్తి పోసుకుంది. తరిణెమ్మ తేరుకునే లోపల గంప చంకనేసుకుని వంటింట్లోకి నడిచింది. అందులో ఆవిడ తప్పేం లేదు లెండి. ఆ ఇంట్లో పొట్టు అంతా రోజూ పోయేది అక్కడికే. డబ్బా పొయ్యిలో కూరి అంటిస్తే పూట వంటకి సరిపోతుంది.

తరిణెమ్మ పరిగెత్తింది. పొయ్యి దగ్గర గంపకి అటు చెయ్యి ఆమెది, ఇటు చెయ్యి ఈమెది. ఏభై దాటిన ఆడవాళ్ళిద్దరూ చంటిపిల్లల్లా లాక్కున్నారు. చూసేవాళ్ళుంటే పడీ పడీ నవ్వేవారు.

"వదలవే!"

"వదల్ను! నీకు మొగుడైతే నాకు అన్న కాడా? ఉన్నన్నాళ్ళూ గుప్పెడు పొట్టు ఒక్క రాత్రి నేలమీద ఉండనిచ్చాడా మా అన్న? నువ్వు గంపెడు పెట్టుకుని చెదలకి విందు చేస్తున్నావ్!"

ఆ మాటకి తరిణెమ్మ పట్టు సడలింది. గుమ్మంలో కూర్చుని బావురుమంది.

"ఉండనిచ్చాడే. ఒక్క రాత్రి ఉండనిచ్చాడు" అంది. "ఆ వేళ ఉలి తగిలించాడు. చీపురు అందుకోబోయి ఆగిపోయాడు. నీరసంగా ఉందే, రేపు ఊడుస్తాలే అన్నాడు. ముప్పై రెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. తెల్లారేసరికి లేడు. ఊడుస్తానని చెప్పిన మనిషి పని నేనెలా చేసేసేది? అది చేసేస్తే ఇంక ఆయన రావలసిన పనేం ఉంటుంది చెప్పు ఈ ఇంట్లో?"

ఆడపడుచు గంప కింద పెట్టి వదిన పక్కన చతికిలబడింది. తనూ ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, గంపలోంచి గుప్పెడు పొట్టు తీసి అరచేతిలో నలిపి చూసింది.

"మా నాన్న ఒక పని చేసేవాడు వదినా. బొమ్మ చెక్కడం అయ్యాక, తిరుగుతున్న చెక్కకి గుప్పెడు పొట్టు అదిమి పెట్టేవాడు. చెక్క నునుపు తేలి మెరిసేది. అన్న కూడా అలాగే చేసేవాడు కదూ?"

"చేసేవాడు."

"మరి ఇది పొయ్యిలో వెయ్యొద్దు, పారెయ్యొద్దు. నువ్వు చేసే ప్రతి వస్తువుకీ గుప్పెడు పెట్టు. వచ్చినన్నాళ్ళు వస్తుంది."

తరిణెమ్మ లేచి పాకలోకి వెళ్ళింది. మిగిలిన పొట్టుని చీపురు ముట్టనివ్వకుండా చేత్తోనే ఎత్తింది. పైది ఎండబెట్టి గంపలో పోసింది. అడుగున చెద పట్టినదాన్ని మాత్రం ఆడపడుచు దూరంగా తీసుకెళ్ళి తగలబెట్టింది. తరిణె కాలుని చెద గోరు లోతు తినేసి ఉంది. ఇద్దరూ కలిసి గీకి, వేపనూనె పట్టించారు. కాలు నిలబడింది.

ఆ రోజు నుంచి తరిణెమ్మ చేసిన ప్రతిదానికీ ఆ గంపలోంచి ఒక గుప్పెడు పట్టింది. కవ్వానికి పట్టింది, భరిణెకి పట్టింది. తిరిగే చెక్కకి అదిమితే పొట్టు వెచ్చబడి, పచ్చి చెక్క వాసన వేసేది. ఆయన పని చేసేటప్పుడు ఒంటి మీద ఉండే వాసనే అది. మొదటి వారం ఆ వాసనకి ఆమె ఏడుస్తూ చేసింది. రెండో వారం మామూలుగా చేసింది. మూడో వారం ఒక పిల్లకి బొంగరం చేస్తూ ఏదో కూనిరాగం తీసింది, తీస్తున్నట్టు తనకే తెలియలేదు. ఆ ఏడు తరిణెమ్మ చేతి కవ్వాలు నునుపుగా ఉన్నాయని, చేతికి హాయిగా ఉన్నాయని ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఎందుకో వాళ్ళకి తెలీదు.

గంప అడుగు కనబడిన రోజున ఆఖరి గుప్పెడు ఒక గిలక్కాయకి పట్టి, పురిటింటికి పంపేసింది. గంప దులిపి ఎండలో బోర్లించింది.

మర్నాడు పెద్ద తరిణె తొక్కింది. ఉయ్యాల మంచానికి కోళ్ళు నాలుగు చెయ్యమని ఎవరో ఎప్పుడో అడిగారు, తిప్పి పంపేసిన పని. కబురు పెట్టి మళ్ళీ తెప్పించుకుంది. పొద్దస్తమానం తొక్కింది. సాయంత్రానికి నాలుగు కోళ్ళూ తయారయ్యాయి. ఉలులు తుడిచి గోడకి తగిలించింది.

దీపం వేళకి ఆడపడుచు వచ్చి తొంగి చూసింది. పెద్ద తరిణె కింద గంపెడు పొట్టు.

"మళ్ళీ మొదలెట్టావా వదినా?"

"ఛ, నోర్ముయ్. అది నేను చేసినదే" అంది తరిణెమ్మ. స్తంభానికి జారగిలబడి, కాళ్ళు రెండూ చాపుకుని కూర్చుంది. "పిక్కలు లాగేస్తున్నాయే. లేవలేను. కాస్త నువ్వు ఊడ్చిపెట్టు."

ఆడపడుచు కొంగు నడుముకి దోపుకుని చీపురు అందుకుంది. మూల మూలా ఊడ్చింది, తరిణె కాళ్ళ సందుల్లో కూడా. తరిణెమ్మ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చుంది. పాక శుభ్రమయ్యే లోపలే ఆమెకి నిద్ర పట్టేసింది.