గవ్వకు ఇల్లు వెతికిన ఈరన్న

అనగనగా, రాజులు పులివేటలు మానుకుని కుక్కల ఆటలు చూడడం మొదలుపెట్టిన రోజుల్లో, మణిగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో గొంగళ్లు నేసే ఈరన్న ఉండేవాడు.

ఈరన్నకు పదేళ్లు నిండగానే తండ్రి అతన్ని మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. నలభై దాటినా ఈరన్న ఆ గుంటలోనే ఉన్నాడు. కాళ్లు గుంటలో, చేతులు ఉన్ని దారం మీద, కళ్లు పోగుల మీద. పొద్దు ఎప్పుడు ఎక్కిందో తెలియదు, ఎప్పుడు దిగిందో తెలియదు.

అతని భార్య సుంకమ్మ ఉన్ని వడికేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో మూడో ప్రాణం ఒక ఆడకుక్క. ఏడేళ్ల కిందట ఒక వాన రోజున, తడిసి ముద్దయిన కుక్కపిల్ల గడప దాటి వచ్చి, గుంటలోకి జారి, ఈరన్న పాదాల మధ్య ముడుచుకుని పడుకుంది. నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ ఉంటే దానికి గవ్వ అని పేరు పెట్టారు.

గవ్వ మంచిదే గానీ, దేనికీ పనికొచ్చేది కాదు. ఉరిమితే వణికిపోయేది. డప్పు మోగితే మంచం కిందికి దూరేది. బండి చక్రం తగిలిన వెనక కాలు కాస్త ఈడ్చేది. ఎవరైనా పక్కన కూర్చుంటే తప్ప గిన్నెలో మూతి పెట్టేది కాదు.

ఒక ఏడు ఈరన్న గొంగళ్లు మూట కట్టుకుని రాజధానికి వెళ్లాడు. ఆ రోజు కోట ముందు మైదానంలో రాజుగారి శునక క్రీడలు జరుగుతున్నాయి. కుక్కలు అడ్డుకర్రలు దూకుతున్నాయి. వెదురు చట్రాల్లోంచి దూరుతున్నాయి. సన్నటి పలక మీద తడబడకుండా నడుస్తున్నాయి. పక్కనే వాటి మనుషులు పరుగెత్తుతున్నారు. అరుపు లేదు, అదిలింపు లేదు. చెయ్యి కొంచెం కదిపితే చాలు, కుక్కకు అర్థమైపోతోంది.

వాళ్లలో ఒకతను ఈరన్న ఈడువాడు. అతను తన కుక్కతో చివరి కర్ర దాకా పరుగెత్తి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి, ఆయాసపడుతూ నవ్వాడు. ఆ నవ్వు ఈరన్న మనసులో నాటుకుపోయింది. తాను చివరిసారి ఎప్పుడు పరుగెత్తాడో ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చి, పెరట్లో రెండు రాళ్లు పెట్టి, వాటి మీద ఒక కర్ర పెట్టాడు. గవ్వను దూకమన్నాడు. గవ్వ అతని మొహం చూసి, తోక ఊపి, కర్ర పక్కనుంచి నడిచి వచ్చింది. మర్నాడూ అంతే. అలా నెలలు గడిచాయి. చివరికి ఒక రోజు, ఇతనికి ఇదే కావాలేమో అనుకుందో ఏమో, గవ్వ దూకింది. దూకి, ఆ ఈడ్చే కాలు మీదే పడింది. ఎనిమిది రోజులు లేవలేదు. ఈరన్న పసుపు కట్టు కట్టాడు, పక్కన కూర్చుని గంజి తాగించాడు. అయినా అతని కోరిక చావలేదు.

రాజుగారి శునకశాలకు భైరవనాయకుడు అధికారి. ఈరన్న వెళ్లి అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాయకుడు ఈరన్నను నడిపించి చూశాడు, పరుగెత్తించి చూశాడు. ఈ మనిషిలో ఓపిక ఉంది, చేతిలో నెమ్మది ఉంది అనుకున్నాడు. మేలుజాతి కుక్కపిల్లను ఒకదాన్ని ఇస్తానన్నాడు. కానీ దానికి ఒక షరతు పెట్టాడు. ఇంట్లో ఇంకో కుక్క ఉండకూడదు. పిల్ల రెండేళ్ల పాటు ఒక్క యజమాని మొహమే చూడాలి, ఒక్క యజమాని వెనకే తిరగాలి. పక్షం రోజుల్లో పాత కుక్కను పంపించేసి వస్తే సరే, లేకపోతే పిల్ల ఇంకొకరికి వెళ్తుంది.

ఈరన్న ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు. సుంకమ్మ ఉన్ని వడకడం ఆపలేదు. వడుకుతూనే అంది, "నీ కోరిక తప్పని నేననను. ముప్పై ఏళ్లుగా ఆ గుంటలో నువ్వు ఎట్లా ఉన్నావో నాకు తెలుసు. పంపాలంటే పంపు. దానికి ఇల్లు వెతికే పని మాత్రం నాకు చెప్పకు."

మొదట ఈరన్న గవ్వను ధాన్యం వర్తకుడు రత్నశెట్టి దగ్గరకు తీసుకువెళ్లాడు. శెట్టికి కొట్టు దగ్గర కాపలా కుక్క కావాలి. ఇది బాగా కాపలా కాస్తుందని ఈరన్న చెప్పాడు. ఉరుము మాట చెప్పలేదు. మూడో రోజు మబ్బు పట్టి ఉరిమింది. గవ్వ బస్తాల సందులో దూరి, ఇరుక్కుపోయి, మూలగడం మొదలుపెట్టింది. బస్తాలన్నీ దించితే గానీ బయటికి రాలేదు. శెట్టి మంచివాడు, కోప్పడలేదు. భయమున్న కుక్క అని ముందే చెప్పి ఉండాల్సింది కదా అని మాత్రం అని, గవ్వను తిప్పి పంపాడు.

రెండోసారి గొర్రెల కాపరి బీరప్ప దగ్గరకు తీసుకువెళ్లాడు. ఈసారి ఉరుము మాట చెప్పాడు. కాలి మాట దాచాడు. నడుస్తూ ఉంటే అదే సర్దుకుంటుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు. అయిదో రోజు బీరప్ప గవ్వను భుజాల మీద వేసుకుని కొండ దిగి వచ్చాడు. దాని కాలు వాచి ఉంది.

"నాకు తెలిసుంటే మంద వెనక కొండెక్కించేవాడినా ఈరన్నా? పాపం, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను నడుస్తున్నానని నాతో నడిచింది," అన్నాడు బీరప్ప.

గవ్వ అరుగు మీద పడుకుని కళ్లు మూసుకుంది. ఎక్కడెక్కడికో తిరిగి తిరిగి అది అలసిపోయింది. ఈరన్న కూడా అలసిపోయాడు. కాళ్లు కాదు, ఇంకేదో అలసిపోయింది. పక్షంలో ఇంకా నాలుగు రోజులే మిగిలాయి.

మూడోసారి బాటపక్కన చలివేంద్రం నడిపే తిప్పక్క దగ్గరకు వెళ్లాడు. తిప్పక్క పెద్దావిడ, ఒంటరి మనిషి. ఈసారి ఈరన్న ఏదీ దాచలేదు. ఉరుము సంగతి చెప్పాడు, డప్పు సంగతి చెప్పాడు, కాలి సంగతి చెప్పాడు. పక్కన కూర్చోకపోతే తినదన్నాడు. చెవి వెనక నిమిరితే నిద్రపోతుందన్నాడు. చలి రోజుల్లో పొద్దున్నే కాలు పట్టేస్తుందని, కాసేపు రుద్దితే గానీ లేవలేదని చెప్పాడు. చెబుతూ పోతే చాలాసేపు పట్టింది.

తిప్పక్క అంతా విన్నది. బాటసారులకు నీళ్లు పోస్తూనే విన్నది. తరవాత గవ్వ తల మీద చెయ్యి వేసింది.

"నా దగ్గర సుఖంగానే ఉంటుంది నాయనా. ఇక్కడ కొండలెక్కే పని లేదు, డప్పులు లేవు. తిన్నంతసేపూ పక్కన కూర్చోవడానికి నాకు తీరిక ఉంది. కానీ ఒక్కమాట. దాని మంచికోసం పంపుతున్నానని మాత్రం అనుకోకు. నీకోసం పంపుతున్నావు. అది ఒప్పుకుని వెళ్లు, నీకు మనసు తేలికవుతుంది," అంది.

ఈరన్న తల ఊపి వెళ్లాడు. వెనక్కి తిరిగి చూశాడు. గవ్వ అతని వెంట రాలేదు. నీళ్ల కుండల నీడలో పడుకుని, అతను వెళ్తున్న దారివైపు చూస్తోంది. ఏడవలేదు, అరవలేదు. అదే అతనికి కష్టంగా అనిపించింది.

మర్నాడు అతను శునకశాలకు వెళ్లాడు. భైరవనాయకుడు పిల్లను తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. గోధుమరంగు పిల్ల, వెచ్చగా ఉంది. అతని బొటనవేలు నోట్లో పెట్టుకుని నమలసాగింది. ఈరన్న గుండె నిండిపోయింది. ఆ పిల్లను ఎత్తుకుని మైదానంవైపు చూశాడు. అడ్డుకర్రలు ఎండలో మెరుస్తున్నాయి.

అప్పుడు అతను అడిగాడు, "అయ్యా, రేపు దీని కాలికేమైనా అయితే?"

"తెచ్చి ఇవ్వు. ఇంకోటి ఇస్తాను," అన్నాడు నాయకుడు.

"భయస్తురాలు అయితే?"

"అప్పుడూ అంతే. ఆటలో అందరూ చేసేది అదే. నేనే పద్నాలుగు మార్చాను."

"వాటి పేర్లు మీకు గుర్తున్నాయా?"

భైరవనాయకుడు చెప్పబోయాడు. గెలిచిన మూడింటి పేర్లు చెప్పాడు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు ఆలోచించాడు. రాలేదు.

ఈరన్న పిల్లను ఒక్కసారి చెంపకు ఆనించుకున్నాడు. తరవాత దాన్ని నాయకుడి చేతుల్లో పెట్టేశాడు. "ఇది చాలా మంచి పిల్లయ్యా. దీని తప్పేం లేదు. నా కోరికకు పనికొచ్చినన్నాళ్లే దీన్ని ఉంచుకునే మనిషిని అయిపోతానని భయమేస్తోంది," అన్నాడు. దండం పెట్టి వచ్చేశాడు.

చలివేంద్రం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గవ్వ తిని ఉంది, కడుపు నిండుగా ఉంది, తిప్పక్క కాళ్ల దగ్గర నిద్రపోతోంది. దాన్ని చూసి ఈరన్న కాసేపు అక్కడే నిలబడిపోయాడు. బెంగతో చిక్కిపోయి ఉంటే అడగడం సులువయ్యేది.

"అక్కా, అది ఇక్కడ బాగానే ఉంది. నేనే బాగాలేను. మళ్లీ ఇస్తావా?" అని అడిగాడు.

తిప్పక్క నవ్వలేదు, దెప్పలేదు. "ఇప్పుడు నిజం చెప్పావు. తీసుకువెళ్లు. ఇంకెవరింటికీ మాత్రం తిప్పకు, దానికి ఓపిక లేదు," అంది. గవ్వ చెవి వెనక ఒకసారి నిమిరి లేపింది.

ఇద్దరూ నెమ్మదిగా ఇంటిదారి పట్టారు. గవ్వ ఆగినప్పుడల్లా ఈరన్న ఆగాడు. సుంకమ్మ గుమ్మంలోంచి చూసింది. రెండు గిన్నెల్లో గంజి పోసి, తాను కూడా వచ్చి పక్కన కూర్చుంది.

పిల్లలూ, ఆ తరవాత ఈరన్న కోరిక మాయమైపోయిందని నేను చెప్పను. ప్రతి ఏడూ క్రీడల రోజున అతను మైదానం దాకా వెళ్లేవాడు. మైదానం చుట్టూ కట్టిన తాడుకు ఇవతల నిలబడి చూసేవాడు. చూసినంతసేపూ కాళ్లు మైదానంవైపే లాగేవి. ఆ రోజు ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సుంకమ్మకు తెలుసు, పలకరించేది కాదు. మర్నాడు మళ్లీ గుంటలోకి దిగేవాడు.

గవ్వ ఇంకా అయిదేళ్లు బతికింది. ముసలిదై, ఒక ఎండాకాలం ఉదయం, సుంకమ్మ ఒడిలో తల పెట్టుకుని కన్ను మూసింది. దాన్ని పెరట్లో పూడ్చారు. ఈరన్న మూడు రోజులు మగ్గం ముట్టలేదు.

నెల తిరక్కుండా ఒక రోజు భైరవనాయకుడు, గవ్వ పోయిందని విని, తానే వెతుక్కుంటూ ఆ ఇంటికి వచ్చాడు. అతని జుట్టు నెరిసింది. చంకలో ఒక నల్ల పిల్ల ఉంది. ఈరన్న లేచి పీట వేశాడు. నాయకుడు పిల్లను అందించబోతే, ఈరన్న తనకు యాభై దగ్గరపడ్డాయని, మోకాళ్లు మునుపటిలా లేవని, దీన్ని గెలిపించలేనని చెప్పాడు.

"తెలుసు," అన్నాడు నాయకుడు. "నా చేత్తో నలభై మందికి పిల్లల్ని ఇచ్చాను. తీసుకోకుండా వెళ్లినవాడివి నువ్వొక్కడివే. నీ దగ్గరైతే ఇది ఓడిపోయినా ఇంటికి వెళ్తుంది. ఈసారి షరతు ఏమీ లేదు."

మూడో ఏట ఈరన్న ఆ నల్ల కుక్కతో మైదానంలోకి దిగాడు. అందరికన్నా చివర వచ్చాడు. ఆఖరి కర్ర దాటాక మోకాళ్ల మీద చేతులు ఆన్చి నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. కుక్క అతని చుట్టూ తిరుగుతూ మొరుగుతోంది. తాడు ఇవతల సుంకమ్మ నీళ్ల చెంబుతో నిలబడి, నింపాదిగా రమ్మని చెయ్యి ఊపింది. ఇద్దరూ నడుచుకుంటూ ఆమె దగ్గరకు వెళ్లారు.

కోరిక ఎంత మంచిదైనా, మనల్ని నమ్ముకున్న ప్రాణానికి ఇచ్చిన చోటును ఆ కోరిక కోసం ఖాళీ చేయించకూడదు.