కొబ్బరి కింద గోటిగీత

నువ్వులు దంచంగ నూనె జారింది,
బెల్లము కలపంగ పిల్ల చేరింది,
పిల్ల చేతికి... పిల్ల చేతికి...

ఆ తర్వాత ఏముందో వరాలమ్మకు ఎంతకీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. మిగతాది కూనిరాగంతో సరిపెట్టి, ఆ ముసలి ఉడుత ఇంకో చిమ్మిలి ఉండ చుట్టింది. చుట్టిన ప్రతి ఉండనూ బొటనవేలితో ఒక నొక్కు నొక్కింది. మనవరాలు సింగారి పసిదిగా ఉన్నప్పుడు నున్నటి ఉండ చేతిలోంచి జారిపోతే ఏడ్చేది. పిల్లకు పట్టు దొరకాలని మొదలుపెట్టిన నొక్కు అది. వరాలమ్మ బొటనవేలి గోరు వంకర కావడంతో నొక్కిన చోటల్లా కొడవలిలాంటి గీత పడేది.

సింగారి ఇప్పుడు గుట్టమీది కాలేజీలో విత్తనాల చదువు చదువుతోంది. దాని తిండి ఖర్చులకని వరాలమ్మ కాకి వీరన్న చేత పల్లీలు పంపేది. వాటితోపాటు ఆకుపొట్లంలో చిమ్మిలి. అటునుంచి ఎప్పుడూ ఒకటే కబురు: పల్లీలు చాలడం లేదు, ఇంకాసిని పంపమని. ఎదిగే పిల్ల, ఆకలి ఎక్కువుంటుంది కదా అనుకుని వరాలమ్మ తను తినేది తగ్గించుకుంటూ వచ్చింది. వానాకాలానికని నింపుకున్న తొర్ర అడుగంటింది.

ఈసారి కబురు తెచ్చిన వీరన్న తొర్రలోకి తొంగి చూశాడు.

"అత్తా, రేపు వానలు పట్టుకుంటే నువ్వేం తింటావు?"

"అది కడుపునిండా తింటోందో లేదో చూసొస్తాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత" అని వరాలమ్మ పొట్లం చంకన పెట్టుకుని తనే గుట్టెక్కింది.

కాలేజీ ముందు ఒక బండి చుట్టూ కుందేళ్ళు, ముంగిసలు మూగి ఉన్నాయి. బండికి బోర్డుంది. వరాలమ్మకు అక్షరాలు వచ్చింది మొన్న సెలవుల్లోనే, అదీ సింగారి దగ్గర. అక్కడే నిలబడి కూడబలుక్కుంటూ చదివింది. జం బు ల య్య గారి రా జ భో గం. తప్పు పోకుండా చదివినందుకు తనలో తనే మురిసిపోయింది.

జంబులయ్య అంటే బండి వెనక నిలబడ్డ నక్క. గుంపులోంచి సింగారి పరుగున వచ్చి అమ్మమ్మను చుట్టేసుకుంది. ఆకుపొట్లం కంటబడగానే మాత్రం నేస్తాల వైపు ఓ చూపు చూసి, దాన్ని మెల్లిగా తన తోక చాటుకు లాక్కుంది. వరాలమ్మ చూడనట్టే ఊరుకుంది.

సింగారి గుప్పెడు పల్లీలు బండి మీద పోసి, కొబ్బరి కోరులో దొర్లించిన ఉండ ఒకటి తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది.

"తిని చూడు అమ్మమ్మా. ఈ గుట్టమీద తినదగ్గది ఇదొక్కటే. బెంగ పుట్టినప్పుడల్లా కొనుక్కుంటాను. ఎందుకో మనిల్లు గుర్తొస్తుంది."

వరాలమ్మ కొరకలేదు. కొబ్బరిని వేలితో నెమ్మదిగా తుడిచింది. కింద నొక్కు ఉంది. నొక్కులో కొడవలి గీత ఉంది. ఆమె బండి దగ్గరికి నడిచింది.

"నాయనా, ఈ గుర్తేమిటి?"

నక్క తడుముకోలేదు. "అదా మామ్మగారూ, మా ముద్ర. నకిలీ సరుకు రాకుండా వేస్తాం."

"ఎవరు వేస్తారు?"

"ఇంకెవరు, నేనే. ఒక్కో ఉండకూ ఈ చేత్తోనే."

"ఎంత ఓపిక నాయనా నీకు. పెద్దదాన్ని, సరదాగా ఉంది. ఒక్కటి వేసి చూపించవూ?"

అందరూ చూస్తున్నారు. జంబులయ్య ఓ ఉండ తీసి పంజాతో నొక్కాడు. ఉండ పొడిపొడిగా రాలి బండి మీది ఆకులో పడింది. "ముద్ర కాస్త గట్టిగా పడిందండీ" అంది ముంగిస.

వరాలమ్మ తన చేతిలోని ఉండ నొక్కులో తన బొటనవేలు పెట్టింది. వంకర గోరు గీతలో సరిగ్గా కూర్చుంది.

సింగారి ఆ వేలిని చూసి, తలొంచుకుని అంతా చెప్పేసింది. ఆకుపొట్లం విప్పితే నేస్తాలు నవ్వుతారని, వచ్చింది వచ్చినట్టే విప్పకుండా జంబులయ్యకిచ్చి కాసిని పకోడీలు తెచ్చుకునేదట. ఇంటినుంచి వచ్చిన పల్లీలన్నీ పోసి కొనుక్కున్నది తన పొట్లంలోని చిమ్మిలినే.

నవ్వుతారనుకున్న నేస్తాలు నవ్వలేదు. "ఆ పొట్లంలో ఇంకా ఉన్నాయా, మామ్మా?" అని అడిగింది కుందేలు పిల్ల. ముంగిస మాత్రం తన పల్లీల మాటేమిటని బండి మీదికెక్కింది. వ్యాపారమన్నాక అంటూ ఏదో మొదలుపెట్టిన జంబులయ్య, చుట్టూ ఉన్న మొహాలు చూసి, పల్లీల గంప అక్కడే వదిలి పొదల్లోకి జారుకున్నాడు.

ఇంటి ముద్దను దాచిపెట్టుకునేవాళ్ళకే దాన్ని పేరు మార్చి అమ్మడం ఎవరికైనా సులువు.

అందరూ పొట్లం చుట్టూ చేరి తింటుంటే, వరాలమ్మ బండి మీది ఆకులో రాలిన పొడిని వేళ్ళతో ఏరుకుని నోట్లో వేసుకుంటోంది. చివరికి ఆకు కూడా నాకింది. సింగారి తినడం ఆపింది. అమ్మమ్మ చేయి పట్టుకుని చూసింది. ఎముకలు తగిలాయి.

గంపలోంచి తమ పల్లీలు తీసి, అదే ఆకుపొట్లంలో కట్టింది. తన వంతు ఉండలో మిగిలినదాన్ని మళ్ళీ చుట్టి, బొటనవేలితో నొక్కి, పల్లీల మీద పెట్టింది. పొట్లం అమ్మమ్మ చంకన పెట్టి గుట్ట దిగేదాకా తోడొచ్చింది. వరాలమ్మ మళ్ళీ ఎప్పుడు పంపమంటావని అడిగింది.

"ముందు నువ్వు తిను అమ్మమ్మా. మిగిలితేనే నాకు పంపు."