ఈశాన్యం కంత

చలి ముదిరిన ఒక గురువారం పొద్దున, మదనపల్లెలో ఒక లేడీస్ హాస్టల్లో వంటచేసే రెడ్డెమ్మకు అన్యాయం జరిగింది. ప్రాణం పోలేదు గనక దాన్ని అన్యాయమని ఎవరూ అనలేదు. స్నానాల గదిలో పడిపోతే తలుపు పగలగొట్టి బయటికి లాగారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి యజమాని వీరభద్రయ్య ఆమెకు మూర్ఛరోగం అంటగట్టి, మూట సర్దుకోమన్నాడు. మూర్ఛ మనిషిని పొయ్యి దగ్గర ఎవరు పెట్టుకుంటారు?

ఆ మాటకు సాక్షి ఓబులేసు. ఆ గదిలో గ్యాస్ గీజర్ బిగించింది వాడే. ఆమె పడిన రోజు వచ్చి, విప్పి చూసి, "మిషన్లో ఏ లోపమూ లేదు" అన్నాడు. అబద్ధం కాదు. అదే వాడి మిడిసిపాటు.

రెడ్డెమ్మ వాడి గురువు ఖాసిం సాహెబ్ గీజర్ల అంగడికి నడిచిపోయింది.

"ఉస్తాదూ, నాకు మూర్ఛ లేదు. ఆ గదిలో తల తిరుగుతా ఉందని మీవాడికి ముందే చెప్పినా. టైముకు తినమ్మా అన్నాడు. హాస్టలంతటికీ వండిపెట్టేదానికి తినమని చెప్తాడు."

ఖాసిం సాహెబ్ లేచి, శిష్యుణ్ణి, ఆమెను వెంటబెట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు.

"ఇది ఎట్ల పనిచేస్తాదో చెప్పు."

ఓబులేసు గీజర్ మూత తీసి, మంత్రం చదివినట్టు చదివాడు. కొళాయి తిప్పితే నీళ్ల ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదులుతుంది. అది కదిలితే గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. బ్యాటరీ నిప్పురవ్వ వేస్తే బర్నర్ అంటుకుంటుంది. మంట పక్కనున్న సన్నటి పుల్ల దాన్ని కనిపెడుతూనే ఉంటుంది. మంట ఆరిందా, గ్యాస్ బంద్. పైనున్న రాగి గొట్టాల్లో నీళ్లు పారుతూ పారుతూనే కాగుతాయి.

"అన్నీ సరిగ్గా ఉండాయి ఉస్తాద్."

"ఉండాయి. అయితే స్నానం చెయ్యి."

"ఇప్పుడా?"

ఖాసిం సాహెబ్ భుజం మీది తువ్వాలు తీసి వాడి చేతిలో పెట్టాడు. "గడియ పెట్టుకో. నిదానంగా చెయ్యి. మేము బయట కూచుంటాం."

ఓబులేసు ఒక కాలు గడప లోపల పెట్టాడు. వాడి చూపు గీజర్ నెత్తిమీదికి పోయింది. పొగగొట్టం బయటికి పోవాల్సిన చోట గోడకు నున్నగా సిమెంటు. వాడు మెత్తిన సిమెంటే. ఈశాన్యంలోంచి పొగ పోతే కలిసిరాదని సిద్ధాంతి అన్నాడు. గొట్టం పీకి కంత పూడ్చమని, పైకిటికీ కూడా మూసెయ్యమని వీరభద్రయ్య అన్నాడు. వీడు పూడ్చాడు. గాలి చాలని మంట కక్కే విషానికి రంగూ లేదు, వాసనా లేదు; ఆ గదిలోనే నిలిచింది.

వాడి కాలు వెనక్కి వచ్చింది.

"వాస్తు ప్రకారం చూసుకుంటే..." అని వెనకనుంచి అందుకున్నాడు వీరభద్రయ్య.

"పోనీ మీరు చేస్తారా సామీ, స్నానం?" అన్నాడు ఖాసిం సాహెబ్.

వీరభద్రయ్యకు ఉన్నట్టుండి ఫోను మాట్లాడే పని పడింది.

ఓబులేసు గ్యాస్ కట్టేశాడు. "అక్కా, అది మూర్ఛ కాదని నేనే చెప్తా."

"చెప్పు నాయనా. కొత్త వంటామె నిన్ననే దిగింది," అంది రెడ్డెమ్మ. "ఆమెకు కూడా చెప్పు, ఇంటికాడే స్నానం చేసి రమ్మని."

బిగించిన తేదీ గీజర్ ఒంటిమీదే రాసి, కింద పేరు వేయడం ఆ అంగడి అలవాటు. ఖాసిం సాహెబ్ జేబులోంచి మార్కర్ తీసి శిష్యుడికిచ్చాడు.

"నువ్వు బిగించిన తేదీ ఉంది. ఆమె పడిన తేదీ ఏదిరా?"

వాడు తన పేరు కిందే రాశాడు.

రెడ్డెమ్మ పడినది, 12-1-2023.