దివానుగారి నాలుగు చక్రాల బండి

దొరవారి దివాను శేషాచలం తన పాత నాలుగు చక్రాల బండిని అమ్మకానికి పెట్టాడని తెలిసి, కుండలు చేసే సూరమ్మ చూడటానికొచ్చింది. ఆమె వాగు దాటి సంతకు వెళ్ళాలి. దారిలో బండి దిగబడి ఒరిగిందంటే ఆమె కష్టమంతా పెంకులే.

"మామూలు బండి అనుకుంటున్నావేమో! నాలుగు చక్రాలకూ ఒకటే బలం. ఎంత బురదలోనైనా ఇంతవరకూ ఒక్కసారీ దిగబడలేదు," అన్నాడు దివాను మీసం దువ్వుకుంటూ.

సూరమ్మ ఇరుసు తడిమింది, చక్రాలు ఊపి చూసింది. కొత్తగా పూసిన రంగు తప్ప ఏమీ తెలియలేదు.

"ఓసారి వాగు దాకా పోయొద్దాం అయ్యగారూ," అంది.

బండి వాగు దగ్గరికి వచ్చిందో లేదో, అక్కడ గుడ్డలుతుకుతున్న నలుగురు ఎవరూ పిలవకుండానే పంచెలు ఎగగట్టుకుని వచ్చి, తలా ఒక చక్రానికి భుజం ఆనించారు.

"బండి ఇంకా దిగబడలేదు కదయ్యా?" అంది సూరమ్మ.

"దిగబడ్డాక లేపాలంటే నడుములు పడిపోతున్నాయమ్మా. అందుకే ముందే వచ్చేస్తాం," అన్నాడొకడు.

దివాను మబ్బులకేసి చూడసాగాడు.

"అయ్యగారు అబద్ధమాడలేదు, నాలుగు చక్రాలకూ ఒకటే బలం," అంది సూరమ్మ. "మరి మీరు అడిగే ధర ఈ నలుగురితో కలిపేనా?"