మందపెద్ద బూదయ్య సభకెక్కిన వైనం

ఎర్రకొండ వెనక అడవిలో ఒక పచ్చిక బీడు. ఆవులు, గేదెలు, గొర్రెలు, జింకలు, గడ్డి తినేవాళ్లంతా అక్కడే బతికేవాళ్లు. వాళ్లకు మందపెద్ద బూదయ్య అనే ఎద్దు. బూడిదరంగు ఒళ్లు, మెడ మీద కాడి ఒరిసిన కాయ. ఏడేళ్లు ఒక ఆసామి పొలంలో అరక లాగి, తాడు తెంచుకుని అడవికొచ్చినవాడు. ఏ నెలలో ఏ వాలున గడ్డి మొలుస్తుందో అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. మాటలు మాత్రం బహు తక్కువ.

అడవికొక సభ ఉండేది. దానికి పెద్దపులి దొర అధ్యక్షుడు. ఒక్కో తావు నుంచి ఒక్కో సభ్యుడు. పచ్చిక బీడు తరఫున మూడు దఫాలుగా కూర్చుంటున్నవాడు జంబయ్య అనే నక్క. గడ్డి ముట్టనివాణ్ణి గడ్డి తినేవాళ్లు ఎలా ఎన్నుకున్నారంటే, ఎన్నికల ముందు వారం రోజులు అతను నోట్లో గడ్డిపరక పెట్టుకుని దొడ్డి దొడ్డికీ తిరిగేవాడు. గొర్రెలకు అది చాలేది.

ఒక ఎండాకాలం జంబయ్య సభలో చెప్పి కొండవాలు దారిని మూయించాడు. ఆ నీడలో పడుకునే తోడేళ్లకు మంద రాకపోకలు ఇబ్బందిగా ఉన్నాయట. అప్పట్నుంచి మడుగులో నీళ్లు తాగాలంటే మంద కొండంతా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. మూడో రోజున చుక్కమ్మ గేదె దూడ దారిలో సొమ్మసిల్లి పడి మళ్లీ లేవలేదు. చుక్కమ్మ దాని పక్క నుంచి కదల్లేదు. ఆమెతో పాటు బూదయ్యా నిలబడిపోయాడు. పొద్దు వాలాక ఒక్క మాటన్నాడు.

"ఈసారి సభకు నేను నిలబడతాను, చుక్కమ్మా."

ఈ మాట జంబయ్య చెవిన పడింది. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని అతను బీడంతా చెప్పి నవ్వించాడు. ఎన్నికల్లో బూదయ్య ఓడిపోయాడు. గొర్రెలన్నీ జంబయ్య వైపే మొగ్గాయి. మర్నాడు పొద్దున్నే బూదయ్య ఎప్పటిలాగే మందను మేతకు తోలుకెళ్లాడు. తనను ఓడించిన గొర్రెలకు కూడా లేత గడ్డి ఉన్న వాలే చూపించాడు. అప్పట్నుంచి రోజూ మేత ముగిశాక ఒక్కో దొడ్డికి వెళ్లి, వాళ్లు చెప్పుకునేది విని వచ్చేవాడు. తనేమీ ఇస్తానని అనేవాడు కాదు. మూడేళ్లు అలాగే తిరిగాడు. రెండోసారి గొర్రెలే ముందు నిలబడి అతన్ని గెలిపించాయి.

సభలో అతను నింపాదిగా మాట్లాడుతుంటే ఎలుగులు ఆవులించేవి. అయినా పట్టు వదల్లేదు. మొదటి ఏడే కొండవాలు దారి తెరిపించాడు. పిల్లలు తాగాకే పెద్దలు తాగాలని మరుసటి ఏడు ఒప్పించాడు. మడుగు దగ్గర వేట కూడదని పులిదొర ఏనాడో మాట ఇచ్చి ఉన్నాడు కాబట్టి బీడు మళ్లీ తేరుకుంది.

పదవి పోయిన జంబయ్య ఊరుకుంటాడా? దొర దగ్గర చేరి సభకు రాయసగాడయ్యాడు. ఏ చట్టమైనా అతని చేతిమీదుగా రాయాల్సిందే. ఒకనాడు సభ ముగిసే వేళ, అందరూ లేవబోతుండగా, కొత్త చట్టమొకటి చదివాడు. గిట్టలున్నవాళ్లు ఇకపై పొద్దు వాలాకే, తుమ్మపొదల దారినే మడుగుకు రావాలి. ఎండదెబ్బ తగలకూడదని వాళ్ల మేలు కోరి చేస్తున్నది. ఎంత దయగల చట్టమని అందరూ తలలూపారు.

"గిట్ట ముద్ర వెయ్యి మామా, అందరం ఇళ్లకు పోదాం" అన్నాడు జంబయ్య.

"రేపు వేస్తాను."

"నీవాళ్ల మేలే కదా, రేపటిదాకా ఎందుకు?"

"మేలైతే రేపటికీ మేలుగానే ఉంటుంది" అని బూదయ్య లేచాడు.

ఆ సాయంత్రమే ఒంటరిగా తుమ్మపొదల దారి పట్టాడు. పోయేకొద్దీ దారి ఇరుకైంది. ఒక ఎద్దు వెనక్కి తిరగడానికి కూడా చోటు లేదు. మలుపు దగ్గర చిరుత వాసన కొట్టింది. ముందున్న కొమ్మ మీంచి మచ్చల తోక వేలాడుతోంది. చిరుత మడుగు వైపే చూస్తున్నాడు. బూదయ్య పరుగెత్తలేదు. ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, ముళ్లు రెండు డొక్కలూ చీరుతున్నా చప్పుడు చెయ్యకుండా, వచ్చిన దారంతా వెనక్కి నడిచాడు.

చూసింది చెబితే జంబయ్య కాదంటాడు, చిరుత తానక్కడ లేనేలేనంటాడు. అందుకని బూదయ్య ముళ్ల గాట్లు కనబడకుండా ఒంటికి బురద పూసుకుని, మర్నాడు ఏమీ ఎరగనట్టు సభకు వెళ్లాడు.

"చట్టం బాగుంది దొరా. ఒక్క మాట కలపండి. మొదటి రోజు మందకు ముందు జంబయ్య నడవాలి. రాసినవాడికే ఆ దారి బాగా తెలుసు."

న్యాయంగానే ఉందన్నాడు పులిదొర. జంబయ్య తనకు కాలు బెణికిందన్నాడు. కాలు నయమయ్యేదాకా ఆగుదామన్నాడు బూదయ్య. తనకు రాయసం పని తెమలదని జంబయ్య మళ్లీ సాకు చెప్పాడు.

"పోనీ, నీ పిల్లల్ని పంపు. మా దూడలతో కలిసి ముందు నడుస్తారు."

"నా పిల్లల్నా? అక్కడ చిరుత కాచుకుని..."

జంబయ్య నాలుక కరుచుకున్నాడు.

పులిదొర నెమ్మదిగా అడిగాడు. "చిరుత అక్కడ కాచుకుంటాడని నీకెవరు చెప్పారు, జంబయ్యా?"

మడుగు దగ్గర వేట కూడదన్న తన మాట మీదే దొంగదెబ్బ తీశారని దొర జంబయ్యనూ చిరుతనూ ఆ పూటే అడవి దాటిపొమ్మన్నాడు. చట్టం రాసిన ఆకును బూదయ్య అందరి ముందూ గిట్ట కింద నలిపేశాడు. తర్వాత మరో రెండు దఫాలు బీడు అతన్నే సభకు పంపింది. సభ లేని రోజున అతను మందతోనే ఉండేవాడు.

జంబయ్యా, చిరుతా ఎర్రకొండ దిగి తెలియని అడవిలో అడుగుపెట్టే చోట దారి రెండు పొదల నడుమ ఇరుకైంది. చిరుత ఆగి, జంబయ్యనే ముందు నడవమన్నాడు.

దారి మంచిదని చెప్పినవాడు తాను ముందు నడవడానికి జంకితే, ఆ దారిన అడుగు పెట్టకూడదు.