సింగాలు గంజిగెడ

మీ తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల మాట ఇది. కొండ కింద ఓ ఊరు. ఆ ఊళ్ళో సింగాలని ఓ ముసలమ్మ, చేల కంచెలకి ముళ్ళకంప కొట్టి అమ్ముకుని బతికేది. ఊ కొడుతూ వినండి, కునికారంటే నేను చెప్పను.

ఆ ఊరికి గత్తరంటే, అదే కలరా అంటే, హడలు. ఏ ఇంట్లో వాంతులు మొదలైనా, ఆ గుమ్మానికి సింగాలు చేత కంప వేయించేవారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు. బయటి మెతుకు లోపలికి పోకూడదు. తాతలు పెట్టిన కట్టు.

మొదటిసారి కుమ్మరి వాళ్ళింటికి వేసింది. "గుక్కెడు గంజి పొయ్యండే" అని లోపల్నించి ఒకటే అరుపు. ఎవరూ పొయ్యలేదు. మూడోనాటికి అరుపు ఆగిపోయింది. ఆనాటి నుంచి సింగాలుకి ముద్ద దిగలేదు.

రెండోసారి గొల్లవాళ్ళింటికి వేసింది. ఆ ఇంటాయన తమ్ముడు ఉండబట్టలేక కంప లాగేసి లోపలికెళ్ళి, అన్నని ఒళ్ళో పడుకోబెట్టుకుని గంజి పట్టాడు. పాపం, ఎంత మంచివాడో. వారం తిరక్కుండా ఆ వీధిలో ఏడు పాడెలు లేచాయి, అతనిదే మొదటిది. ఇక సింగాలుకి కంప వెయ్యాలన్నా వణుకే, తియ్యాలన్నా వణుకే.

మూడోసారి ఊరి పెద్దకాపు కబురంపాడు. ఎవరింటికయ్యా అంటే, సింగాలు కన్నకూతురు పైడమ్మ ఇంటికి.

వేసింది మరి. ముళ్ళు దిగి చేతుల నిండా నెత్తురు కారుతున్నా తెలీలేదు. లోపల్నించి పైడమ్మ, "అమ్మా, గుక్కెడు గంజి" అంది.

సింగాలు పరుగున పోయి, పొడుగాటి వెదురుగెడ చివర కొబ్బరిచిప్ప కట్టి, ఉప్పేసిన గంజి పోసుకుని వచ్చింది. పెద్దకాపు కర్ర అడ్డం పెట్టాడు. కట్టు తప్పితే ఊరు వల్లకాడైపోతుందన్నాడు. అతనిదీ భయమే, ఆ ఏడు పాడెలూ మోసినవాడు.

"కంప తియ్యమనడం లేదు బాబూ," అంది సింగాలు. "తీస్తే ఏమవుతుందో నేనూ చూశాను. కంప కంపలాగే ఉండనీ. గంజి మాత్రం దాని మీదుగా పోనీ. కాదంటే ఇంకో మోపు తెచ్చి నన్నూ లోపలేసి మూసెయ్యండి."

పెద్దకాపు కర్ర దించాడు. 

గెడ కంప మీదుగా లోపలికెళ్ళింది. లోపల పైడమ్మ చాచిన ముంతకి తగలకుండా చిప్ప వంచి, "అందిందా?" అనడిగింది. పలుకు లేదు. మళ్ళీ అడిగింది. లేదు. మూడోసారికి "అందిందమ్మా" అని సన్నగా వినిపించింది. సింగాలు అక్కడే కూలబడి ఏడ్చింది. పైడమ్మ బతికింది. ఊరూ నిలిచింది.

కొన్నేళ్ళకి గత్తర మళ్ళీ వచ్చింది. ఈసారి సింగాలుకే. ఎవరికీ కబురు పెట్టలేదు. తన గుమ్మానికి తనే లోపల్నించి కంప లాక్కుంది. గుమ్మాన కంప చూసి పైడమ్మ గెడ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మొదటిరోజు అందిందా అంటే అందిందంది. రెండోరోజూ అందిందంది. మూడోరోజు ఎన్నిసార్లు అడిగినా పలకలేదు. గంజి చల్లారిపోయినా ఆ పిల్ల గెడ దించలేదు. చివరికి పెద్దకాపే వచ్చి, చెయ్యి పట్టుకుని దింపించాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ప్రతి చూరు కిందా ఓ గెడ ఉంటుంది. అంటుజబ్బు వస్తే ఆ ఇంటి గుమ్మం తొక్కరు, కానీ కడుపు మాడ్చరు. గెడ చాచి గంజి పోసి, "అందిందా?" అని అడుగుతారు. లోపల్నించి జవాబొచ్చేదాకా ఆ వీధిలో ఎవరూ అన్నం ముట్టరు.