క్లచ్ మీద గురుపాదం

గ్యెంబోకి ప్రార్థన నేర్పడం ఇక తన వల్ల కాదని చెప్పడానికి యెషే ఆ పొద్దున గురువు గదికి వెళ్ళాడు.

భూటాన్ కొండల్లో, ఒక కనుమకి ఈవలి పక్క ఉన్న చిన్న బౌద్ధ మఠం అది. అక్కడివాళ్ళు గురువుని లోపెన్ అంటారు. మఠానికి పెద్దాయన అసలు పేరు త్సెవాంగ్ అని చాలామందికి తెలియను కూడా తెలియదు, అందరికీ ఆయన లోపెనే. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. మాట తక్కువ.

యెషే ఆయన శిష్యుల్లో చురుకైనవాడు. ఏదైనా ఒకటి రెండుసార్లు వింటే చాలు, నోటికి వచ్చేస్తుంది. అలా రానివాళ్ళు కూడా లోకంలో ఉంటారని అతనికి తెలుసుగానీ, వాళ్ళ పక్కన కూర్చోవలసిన అవసరం అంతకు ముందు రాలేదు.

గ్యెంబో భిక్షువు కాడు. కొండ మీద జడలబర్రెలు కాచుకునే మనిషి. యాభై దాటాక భార్య పోయింది. మందని తమ్ముడికి అప్పగించి మఠానికి వచ్చి, లోపెన్‌ని ఒక్కటే అడిగాడు. పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన తనకి నేర్పమన్నాడు. కనుమ అవతల, ఏటి ఒడ్డున ఆమెని దహనం చేశారట. ఏడాది తిథినాడు అక్కడ నిలబడి తానే చదవాలట. డబ్బులిచ్చి ఎవరిచేతనో చదివించడం ఇష్టం లేదన్నాడు.

లోపెన్ అతన్ని యెషేకి అప్పగించారు.

గ్యెంబోకి అక్షరం రాదు. నోటితో చెప్పి నోటితో అనిపించాలి. పొద్దున పట్టుబడ్డ పాదం సాయంత్రానికి జారిపోయేది. రెండో పాదం వస్తే మొదటిది పోయేది. వానలు వెళ్ళి కోతలు కూడా అయిపోయాయి. ఆ ముందురోజు యెషేకి సహనం చచ్చిపోయి, గోడకి చెప్పినా ఈపాటికి వచ్చేదని అనేశాడు. గ్యెంబో లేచి వెళ్ళి కట్టెలు కొట్టుకున్నాడు.

"అతనికి రాదు లోపెన్," అన్నాడు యెషే. "ఆ మాట ఇప్పుడే చెప్పేయడం దయ. వంటింట్లో పని ఇద్దాం. తిథినాడు నేనే వెళ్ళి చదివి వస్తాను."

లోపెన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అక్కడ గోడ వారన మఠం కారు నిలబడి ఉంది.

ఇరవై ఏళ్ళ పాత కారు అది. యూరప్‌లో తయారైంది. ఆ లోయలో వంతెనలు కట్టడానికి వచ్చిన ఒక స్విస్ ఇంజినీరు దాన్ని తెప్పించుకున్నాడు. పిల్లలతో సహా ఇల్లంతా అందులోనే తిరిగేది. డిక్కీ వేరేగా ఉండదు, వెనక తలుపే మొత్తంగా పైకి లేస్తుంది. దాన్ని లేపి పట్టే కడ్డీ పాడైంది కనుక కర్ర ఆనించాలి. వెనక అద్దం మీద ఆ పిల్లలు అంటించిన కుందేళ్ళ బొమ్మలు ఇంకా ఉన్నాయి. చూడటానికి మామూలు చిన్న కారే గానీ, దాని ఇంజిన్ నాలుగు చక్రాలనీ తిప్పుతుంది. మంచులో జీపులు నిలిచిపోయిన చోట కూడా అది నెమ్మదిగా పాకుతూ వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయేటప్పుడు ఇంజినీరు దాన్ని మఠానికి ఇచ్చేశాడు. నడపడం యెషేకి నేర్పి మరీ వెళ్ళాడు. చలికాలంలో పురుటి నొప్పులొచ్చినా, ఎవరైనా కాలు విరగ్గొట్టుకున్నా యెషేనే కనుమ దాటించి ఆసుపత్రిలో చేర్చేవాడు.

"నాకు ఆ కారు నడపడం నేర్పుతావా?" అన్నారు లోపెన్.

యెషేకి తను విన్నది నిజమేనా అనిపించింది. గ్యెంబో సంగతి ఏం చేద్దామని మళ్ళీ అడిగాడు. ముందు ఇది కానిద్దామన్నారు లోపెన్.

మధ్యాహ్నం, కోసేసిన గోధుమచేలోకి కారు దింపారు. లోపెన్ అంగీ అంచులు పైకి దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. యెషే పక్కన కూర్చుని క్లచ్ ఏదో, బ్రేకు ఏదో, దేని తర్వాత ఏది నొక్కాలో చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు. క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశారు. కారు మేకపిల్లలా ఎగిరి ఆగిపోయింది.

"పర్వాలేదు లోపెన్. మొదట్లో అందరికీ అంతే."

మళ్ళీ ఎగిరింది, మళ్ళీ ఆగిపోయింది. పొద్దు వాలేదాకా అదే పని.

మర్నాటికి ఆయన క్లచ్ ఏ పక్కదో మరిచిపోయారు. యెషే మొదటిసారి చెబుతున్నట్టే మళ్ళీ చెప్పాడు. ఆ మర్నాడూ అడిగారు, ఆ మర్నాడూ చెప్పాడు. పాలు పొంగే ముందు గిన్నెలో చప్పుడు మారుతుంది చూడండి, ఇంజిన్ గొంతు అలా మారేదాకా కాలు మెల్లగా వదలమన్నాడు. లోపెన్‌కి ఒక చెవి సరిగ్గా వినిపించదని అప్పుడు గుర్తొచ్చి, చప్పుడు మాట వదిలేశాడు. సీటులో ఉన్న వణుకుని గమనించమన్నాడు. బూటు మందంగా ఉంది, అందుకే తెలియడం లేదేమోనని బూటు విప్పించాడు.

అదీ పనిచేయకపోతే ఒకరోజు కారు దిగి, అటు పక్కకి వెళ్ళి తలుపు తెరిచి, బురద నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. లోపెన్ పాదాన్ని తన అరచేతిలోకి తీసుకుని క్లచ్ మీద ఉంచాడు. పాదం చల్లగా ఉంది. మడమ నిండా పగుళ్ళు.

"మీరు ఏమీ చేయకండి. నా చెయ్యి ఎంత లేస్తే అంతే లేవనివ్వండి."

చెయ్యి గింజంత, గింజంత పైకి లేచింది. కారు వణికి, ముందుకి కదిలింది. రెండు బారలు వెళ్ళింది. యెషే పక్కనే మోకాళ్ళ మీద దేక్కుంటూ నవ్వాడు. లోపెన్ కూడా నవ్వారు. నవ్వులో కాలు వదిలేశారు, కారు మళ్ళీ ఆగిపోయింది.

ఇంకో రోజు నేరుగా వెళ్ళి గ్యెంబో పేర్చిన కట్టెల మోపుని గుద్దారు. ముందు బంపరు సొట్టపడింది. అంత ప్రేమగా చూసుకునే కారు, అయినా యెషేకి కోపం రాలేదు. కట్టెల వైపు తిప్పి నిలబెట్టింది నేనే కదా, తప్పు నాదేనన్నాడు. గ్యెంబో వచ్చి చెదిరిన కట్టెలు మళ్ళీ పేర్చి వెళ్ళిపోయాడు.

కొండల మీద తొలి మంచు కనిపించిన రోజున, ఆగిపోయిన కారుని లోపెన్ మళ్ళీ స్టార్టు చేయలేదు. తాళంచెవి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇన్నాళ్ళు చెప్పావు. నాకు రాలేదు," అన్నారు. "విసుగు రాలేదా నీకు?"

"మీ మీద నాకు విసుగెందుకు వస్తుంది లోపెన్?"

"ఎందుకు రాదు?"

యెషే అద్దంలోంచి బయటికి చూశాడు. చేను అవతలి గట్టు మీద గ్యెంబో కట్టెలు వీపున వేసుకుని మఠం వైపు నడుస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కొంతదూరం నడిచి నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపి, వెనక్కి నాలుగడుగులు వేసి, మొదటినుంచి మొదలుపెట్టినట్టు మళ్ళీ నడిచాడు.

లోపెన్ తాళంచెవి యెషే చేతిలో పెట్టి, తలుపు తెరుచుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ దిగి వెళ్ళిపోయారు.

యెషే కారుని తీసుకెళ్ళి గోడ వారన పెట్టాడు. తర్వాత కట్టెల కొట్టానికి వెళ్ళాడు. గ్యెంబో అతన్ని చూసి లేవబోయాడు. యెషే అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనూ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. అంతకు ముందు పాఠమప్పుడు అతను ఎత్తు పీట మీద కూర్చునేవాడు. ఏకవచనంలోనే మాట్లాడేవాడు.

"మీ ఆవిడ పేరేమిటి?" అని అడిగాడు.

అన్ని నెలల్లో ఎప్పుడూ అడగలేదు. గ్యెంబో చేతిలోని గొడ్డలి పక్కన పెట్టాడు.

"దేమా."

ఆమె గురించి కొంచెం చెప్పమన్నాడు. గ్యెంబో మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. పొద్దున్నే బర్రెల్ని పిలిచేటప్పుడు ఆమె ఒక కూనిరాగం తీసేదట, అది వింటే ఎంత దూరంలో ఉన్నా మంద కదిలి వచ్చేదట. ఆ రాగం ఎలా ఉండేదో వినిపించమన్నాడు యెషే. గ్యెంబో సిగ్గుపడుతూ సన్నగా తీశాడు. బర్రెల్ని పిలిచే రాగంలో ప్రార్థన చదవడం ఏ మఠంలోనూ లేదు. అయినా యెషే మొదటి పాదాన్ని అదే రాగంలో పాడాడు.

ఆ పాదం గ్యెంబోకి సాయంత్రం దాకా నిలిచింది. మర్నాడు సగం పోయింది. మిగిలిన సగంతో మళ్ళీ మొదలుపెట్టారు.

తిథి వచ్చేసరికి కనుమ తెల్లబడిపోయింది. దారిలో ఎక్కడా బండి జాడ లేదు. యెషే కారు తీశాడు. గ్యెంబో వెనక సీట్లో కుందేళ్ళ బొమ్మల పక్కన, వెన్నదీపం ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ వస్తానని లోపెన్ ముందు సీట్లో ఎక్కారు. మలుపుల్లో ముందు చక్రాలు జారితే వెనకవి నెట్టాయి, వెనకవి జారితే ముందువి లాగాయి. ఒకచోట నాలుగూ జారాయి. యెషే గేరు తగ్గించి, తొందర పెట్టకుండా కారుని దాని దారిన ఎక్కనిచ్చాడు. కనుమ దాటారు.

ఏటి ఒడ్డుకి దారి నిటారుగా ఉంది. లోపెన్ మోకాళ్ళు ఒప్పుకోవు. ఆయన కారులోనే ఉండిపోయారు. మిగతా ఇద్దరూ దిగి వెళ్ళారు. పైనుంచి చూస్తే మంచులో ఇద్దరు చిన్న మనుషులు, మధ్య ఒక దీపం. నీళ్ళ హోరులో మాటలేవీ పైకి రాలేదు.

చాలాసేపటికి యెషే ఒక్కడూ పైకి వచ్చాడు. గ్యెంబో కాసేపు అక్కడే ఉంటానన్నాడట. యెషే కారెక్కి తలుపు వేసుకున్నాడు. కనురెప్పల మీద మంచు ఉంది. చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"చదివాడా?" అని అడిగారు లోపెన్.

"చదివాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు."

"నువ్వేం చేశావు?"

"నేనూ ఆగాను లోపెన్."